బావ సైకిలు, నా కడుపుమంట

పులుసు పెడదామని కూర్చుని చూస్తే ఇంట్లో చింతపండు నిండుకుంది. ఆ మాట పైకి అన్నానో లేదో, నా మనవరాలు గుమ్మం పక్కనున్న సైకిలు బయటికి తీసింది. మా ఇల్లు ఏటికి ఇవతల, రాజ్‌కిశోర్ నగర్‌లో. నా నాలుకకి నచ్చే పాత చింతపండు దొరికేది ఏటికి అవతల, గోల్ బజార్‌లో.

"ఇంత ఎండలో అంత దూరం ఏటెల్తావే? సాయంత్రం మీ నాన్న తెస్తాడులే" అన్నాను.

"దూరం ఏముంది నానమ్మా? సైకిల్ ఉంటే బిలాస్‌పూర్ ఎంత! ఆటో అయితే ట్రాఫిక్‌లో ఇరుక్కుంటుంది. నేను గల్లీల్లోంచి దూరిపోయి నికల్ జాతీ. అంతే, ఇలా వెళ్ళి అలా వచ్చేస్తా."

అన్నట్టే వెళ్ళింది, అన్నట్టే వచ్చింది. నేను ముక్కలు తరిగి, ఉడకబెట్టి, పొయ్యి కట్టేసేసరికి చింతపండు పొట్లం నా ముందుంది. దారిలో స్నేహితురాలి ఇంటి దగ్గర ఆగి పుస్తకం తీసుకుందట. వంతెన మీద ఆగి నీళ్ళు కూడా చూసిందట. ఆ పిల్లకి చెమటైనా సరిగ్గా పట్టలేదు.

నిజం చెప్పొద్దూ, నాకు కడుపు మండింది.

సొంత మనవరాలిని చూసి ఏడ్చే ముసలిదాన్ని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. కాకపోతే ఈ ఏడుపు ఇవాళ్టిది కాదు. ఆ పిల్ల తండ్రి పుట్టకముందుది, నాకు పెళ్ళి కాకముందుది. దాని వయసు దాదాపు నా వయసే.

అప్పట్లో మేముండేది స్టేషన్ దగ్గరి రైల్వే కాలనీలో. ఒకదాని వీపుకి ఒకటి ఆనుకున్న ఎర్ర ఇటుకల క్వార్టర్లు. మా వరసలో సగం ఇళ్ళు మనవాళ్ళవే. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలు పని వెతుక్కుంటూ తాతలనాడే వచ్చి పడ్డ కుటుంబాలు. ఊరు వదిలారు గానీ నోరు వదల్లేదు. ఎండు మెత్తళ్ళు, చోడిపిండి, ఆవకాయ జాడీలు అక్కణ్ణించి గార్డుల చేతులు మారుతూ మా గుమ్మం దాకా వచ్చేవి. జాడీ మూత తీస్తే ఆవఘాటుతో పాటు బొగ్గు వాసన కూడా వచ్చేది. బొగ్గు వాసన లేనిది ఏముంది గనక ఆ కాలనీలో! ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి బూడిదరంగు తిరిగేది. మా మామ్మ, అంటే నాన్నని కన్నతల్లి, ఆ చీర దులుపుతూ, "ఓలమ్మో, ఈ ఊర్లో మల్లిపువ్వు కూడా బొగ్గు కంపే గదే" అని రోజూ తిట్టేది. రోజూ ఆ మల్లెపువ్వే తల్లో పెట్టేది నాకు.

నాన్న గూడ్సు బండి డ్రైవరు. నల్ల కోటు, తలకి ఎర్ర రుమాలు, ఎంత తోమినా పోని మసి గోళ్ళు. అటు రాయగఢ్, ఝార్సుగుడా, ఇటు రాయపూర్, నాగపూర్ అన్నీ నాన్న పోయే ఊళ్ళే. నాన్న ప్రపంచమంతా చూశాడని నేను మా బడిలో గొప్పలు చెప్పేదాన్ని. ఒకసారి నాగపూర్ ఎలా ఉంటుందని అడిగాను.

"నాగపూరు స్టేసను తెల్సు గానీ నాగపూరు నాకేటి తెల్సే గుంటా?" అన్నాడు. "రైలు పట్టా ఎటెల్తే అటెల్తాను. పట్టా పక్కనేటున్నాదో నాకు తెల్దు."

నాగపూర్ సంగతి సరే, సొంత బిలాస్‌పూర్ కూడా నాన్నకి తెలియదు. డ్యూటీ, నిద్ర, మళ్ళీ డ్యూటీ. మాకు కాలనీ వేరు, ఊరు వేరు. ఊరంటే షహర్. గోల్ బజార్, దాని వెనక సందులు, ఆ వెనక ఏరు. పండక్కి బట్టలు కొనాలంటే టాంగా కట్టించుకుని వెళ్ళేవాళ్ళం. నేను మామ్మకీ మూటలకీ మధ్య ఇరుక్కుని గుర్రం తోక ఒక్కటే చూసేదాన్ని. అందుకే ఆ ఊరు ఎంత పెద్దదో నాకు తెలిసేది కాదు. తెలియనిది ఎప్పుడూ పెద్దదే కదా.

నా మొత్తం రాజ్యం ఇంటి నుంచి లోకో షెడ్ దాకా ఉన్న దారి. బండి ఎప్పుడు కదులుతుందో తెలియక నాన్న షెడ్‌లో పడిగాపులు పడే రోజుల్లో అమ్మ అన్నం, కూర, మజ్జిగ క్యారేజీకి సర్ది నా చేతికిచ్చేది. దాన్ని పట్టుకుని క్వార్టర్ల వెనక నుంచి, పాదచారుల వంతెన ఎక్కి దిగి, కాళ్ళ కింద కరకరలాడే బొగ్గు రజను మీద నడిచి షెడ్‌కి చేరేదాన్ని. నాన్న ఒక పక్కగా కూర్చుని తినేవాడు. చివరి ముద్ద నాది. మసి చేత్తో కలిపిన ఆ ముద్ద రుచి ఆ తర్వాత నేను ఎవరి చేతి వంటలోనూ ఎరగను.

ఆ దారిలో నాకొక రహస్య వ్యాపారం ఉండేది. వంతెన దిగాక ఒక ఛత్తీస్‌గఢీ ముసలమ్మ ఎండాకాలమంతా ఆకుల్లో చార్ పళ్ళు పోసుకుని కూర్చునేది. సారపప్పు తెలుసు కదా, ఆ గింజ మీద ఉండే నల్లటి తీపి కండే చార్ పండు. డబ్బులు నా దగ్గరెక్కడివి? క్యారేజీ పై గిన్నె మూత తీసి పిడికెడు అన్నం ఆమె ఆకులో పెట్టేదాన్ని. "లే నోనీ", అంటే తీసుకో పిల్లా అని, ఆమె దోసెడు పళ్ళు నా ఒళ్ళో పోసేది. ఆవిడకి ఆకలి తీరేది, నాకు నోరు తీపయ్యేది, నాన్నకి తెలిసేది కాదు. అంతా బాగానే నడుస్తోంది. అప్పుడు దిగాడు మా బావ.

మా మేనత్త కొడుకు. ఖరగ్‌పూర్ షెడ్‌లో పనిచేసే మా మావయ్య అంతకు ముందు ఏడు పోయాడు. అక్కడ పని ఇప్పించేవాళ్ళు ఎవరూ లేరని, ఇక్కడ నాన్న ఫోర్‌మన్ దొరకి చెప్పి ఏదో ఒక పనిలో పెట్టిస్తాడని అత్త కొడుకుని పంపించింది. బండి ఆగాక గార్డు డబ్బాలోంచి బావ దిగాడు. అతని వెనక సైకిలు దిగింది. పోయిన మావయ్యది. నల్లటి గంభీరమైన సైకిలు, ముందు ఒక దీపం, హేండిల్ మీద తళతళలాడే గంట. తండ్రి వదిలివెళ్ళిన ఆస్తి అదొక్కటే. దాన్ని చూడగానే నా కాళ్ళు నేలకి అతుక్కుపోయాయి.

మామ్మ మాత్రం మనవణ్ణి చూసి మురిసిపోయి, వాకిట్లో అందరూ వినేలా, "ఒలే, నీ మొగుడొచ్చేసినాడే సైకిలేసుకుని!" అంది. మా వరసంతా ఒకటే నవ్వు.

"నాకు మొగుడొద్దు, సైకిలు ఉంచీమను" అన్నాను.

ఆ మాటకి ఇంకా నవ్వారు. నేను మాత్రం నవ్వులాటకి అనలేదు.

మర్నాటి నుంచి ఇంట్లో నా స్థానం ఏమిటో నాకు తెలిసొచ్చింది. పెరుగు మీది మీగడ బావ కంచంలోకి. ఆవకాయలో టెంక ఉన్న ముక్క బావకి. "తండ్రి నేని గుంటడు" అని మామ్మ ప్రతి ముద్దకీ ఒకసారి అనేది. అదంతా భరించాను. కానీ మూడో రోజో నాలుగో రోజో అమ్మ క్యారేజీ సర్ది నా వైపు చూడకుండా బావని పిలిచింది.

"నువ్వెల్లొచ్చీ బాబూ. ఈ గుంట నడిసెల్లేసరికి అన్నం సల్లారిపోతంది."

బావ క్యారేజీ హేండిల్‌కి తగిలించి, గంట కొట్టి, వీధి మలుపు తిరిగి మాయమయ్యాడు. నేను గుమ్మంలో నిలబడి ఏడుద్దామనుకునే లోపలే తిరిగొచ్చేశాడు. "మావయ్య ఏడేడిగా అన్నం తిన్నాడత్తా" అని పైగా ఒక మాట. అమ్మ మొహం వెలిగిపోయింది. నా వేలెడంత రాజ్యం కూడా పోయింది.

పోతే పోయింది, దొంగతనం కూడా బయటపడింది. ఒక రోజు నాన్న ఇంట్లో భోజనం చేస్తూ అమ్మతో, "ఏటే, ఈమద్దెన క్యారేజీలో అన్నం ఎక్కువెడతన్నావు? కడుపు పట్టట్నేదు" అన్నాడు.

"నానెప్పుడూ పెట్టినంతే పెడతన్నాను" అంది అమ్మ. అని, ఒక్క క్షణం ఆగి నా వైపు చూసింది. నాన్న చూశాడు. మామ్మ చూసింది. బావ చూశాడు. నా పావడా ఒళ్ళో చార్ పళ్ళ మరకలు ఇంకా పోలేదు, ముసలమ్మతో బేరమంతా ఒప్పుకోక తప్పలేదు. మామ్మ పగలబడి నవ్వింది గానీ ఆ సైకిలు లేకపోతే ఆ సంగతి ఎవరికి తెలిసేది? ఆ కోపం కూడా సైకిలు ఖాతాలోనే వేశాను.

అంతకన్నా మంట సాయంత్రాలప్పుడు. బావ ఊరంతా తిరిగొచ్చి వాకిట్లో మంచం మీద కూర్చుని చెప్పేవాడు. గోల్ బజార్‌లో జిలేబీ మూకుడు బండి చక్రమంత ఉందట. ఏట్లో ఇసక తవ్వితే నీళ్ళు ఊరుతున్నాయట. జూనా బిలాస్‌పూర్, అంటే పాత ఊరి సందుల్లో ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకి అతుక్కోవాలట. ఒకరోజు ఊరవతల ఎక్కడో ఉన్న బెల్తరా దాకా తొక్కి వచ్చానన్నాడు. అది మాత్రం నేను నమ్మలేదు.

"ఊరు శానా పెద్దది గదా, దారి తప్పిపోవేటి బావా?" అని అమాయకంగా అడిగినట్టు అడిగాను.

"పెద్దదేటి మరదలా? నడిసీవోడికి పెద్దది. సైకిలుంటే ఇంత ఊరూ గుప్పెడు. ఎటు కావాలంటే అటు తిప్పుకోడమే" అని గాల్లో హేండిల్ తిప్పి చూపించాడు.

ఆ చెయ్యి కొరికెయ్యాలనిపించింది. కొరకలేదు. మర్నాడు మధ్యాహ్నం అందరూ పడుకున్నాక వెనక చక్రంలో గాలి తీసేశాను. బుస్సుమంటూ గాలి పోతుంటే ఎంత చల్లగా తగిలిందో నా చేతికి! బావ లేచి, చూసి, పంపు తెచ్చి గాలి కొట్టుకుని వెళ్ళిపోయాడు. నన్ను అడగను కూడా అడగలేదు. శత్రువు మనని లెక్కలోకే తీసుకోకపోతే ఆ అవమానం ఎలా ఉంటుందో పడ్డవాళ్ళకే తెలుసు.

వాకిట్లో ఆ కబుర్లు వినేవాళ్ళలో నాన్న కూడా ఉండేవాడు. చుట్ట ఆరిపోయినా తెలియకుండా వినేవాడు. నేను అది చూశాను గానీ ఏమీ అనుకోలేదు. ఒక సెలవు రోజు పొద్దున్నే నాన్న లేచి, "ఒరే అల్లుడా, ఆ సైకిలు నాకూ నేర్పరా" అన్నాడు.

షెడ్ వెనక బూడిద పోసి చదును చేసిన మైదానం ఉండేది. అక్కడ నేర్పాడు. నాన్న కాళ్ళు బలమైనవి. ఇంజను కుదుపుల్లో నిలబడి నిలబడి నడుము అలవాటు పడింది. రెండు మూడు సెలవుల్లో నిటారుగా తొక్కడం వచ్చేసింది. ఇంకేముంది, నాన్న మా వరస ముందు నుంచి సైకిలు మీద వస్తున్నాడని కబురు. అందరూ గుమ్మాల్లోకి వచ్చారు. తలకి ఎర్ర రుమాలు, చూపు దూరాన, ఛాతీ ముందుకి. నాన్న నిజంగానే మెయిలు బండిలా వస్తున్నాడు. వీధి చివర మలుపు, మలుపు దగ్గర ఒక గార్డు గారి ఇంటి గోరింట కంచె. నాన్న మలుపు చూశాడు. వేగం తగ్గించాడు. గంట కొట్టాడు, ఒకసారి కాదు, పొడుగ్గా. ఆ తర్వాత తిన్నగా వెళ్ళి కంచెలో పడ్డాడు.

హేండిల్ తిప్పనే లేదు! జనం పరిగెత్తారు. గార్డు గారి భార్య, "ఏటి బాబూ, మలుపుంది గదా, తిప్పాలి గదా!" అంది లేవదీస్తూ.

నాన్న గోరింటాకు దులుపుకుంటూ చాలా నిజాయితీగా చెప్పాడు. "మలుపొస్తే స్పీడు తగ్గించాలి, కూతెయ్యాలి. రెండూ సేసినాను. తిప్పడం పట్టా పని గదమ్మా."

తమాషా ఏమిటంటే అక్కడున్న రైలు మనుషులందరికీ ఆ మాట సబబుగానే తోచింది. అయినా నవ్వకుండా ఉండలేకపోయారు. అందరికన్నా ఎక్కువ నవ్వినవాడు బావ. కడుపు పట్టుకుని నేల మీద కూర్చుని నవ్వాడు. నాన్న కూడా నవ్వాడు గానీ, ఆ నవ్వు నాన్నది కాదని నాకు తెలిసిపోయింది. ఆ తర్వాత కూడా రెండుసార్లు ప్రయత్నించాడు. రెండుసార్లూ మలుపు దగ్గర నాన్న చేతులు బిగుసుకుపోయేవి. తిప్పాలని తెలుసు. చేతులకి తెలియదు.

ఇంతలో బావకి పని దొరికింది. ఇక్కడ కాదు, రాయగఢ్ షెడ్‌లో. సోమవారం వెళ్ళి చేరాలి. అంటే సైకిలు కూడా వెళ్ళిపోతుంది. ఇంట్లో అందరూ సంతోషపడుతుంటే నాకు గుండెల్లో రాయి పడింది. బావ పోతే పీడా పోయె. ఆ సైకిలు మళ్ళీ మా వాకిట్లోకి రాదు. ఇక మిగిలింది ఆదివారం ఒక్కటే. ఆ ఒక్క రోజులో దానిమీద ఊరు చూడకపోతే, నా జన్మకి గుర్రం తోకే గతి.

పెద్ద సైకిలు. నా కాళ్ళు పెడళ్ళకి అందవు. అందినా ఆడపిల్లని, పైగా పావడా. బావ ఎక్కించుకుని తిప్పుతాడేమోనని సిగ్గు విడిచి అడిగాను కూడా. "ఈ సైకిలు మీద నానెవుల్నీ ఎక్కించుకోను" అన్నాడు. అంత కచ్చితంగా ఎందుకన్నాడో అప్పుడు నాకు తెలియదు.

శనివారం సాయంత్రం నాన్న వాకిట్లో కూర్చుని గోడకి ఆనించిన సైకిలు వంకే చూస్తున్నాడు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"తిప్పడానికి నానున్నాను గదా నాన్నా" అన్నాను.

"ఏటీ?"

"ఇంజన్లో డ్రైవరూ, బొగ్గేసీ ఫైర్‌మనూ ఇద్దరుంటారు గదా. నువ్వు తొక్కు. ముందు కడ్డీ మీద కూకుని నాను తిప్తాను."

నాన్న నన్ను కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. "అయితే నువ్వు నా ఫైర్‌మన్‌వి" అన్నాడు మెల్లగా.

"కాదు. కష్టపడి తొక్కీది నువ్వు. నువ్వే ఫైర్‌మన్‌వి. నాను డ్రైవర్ని."

నాన్న నవ్విన ఆ నవ్వుకి లోపల్నించి అమ్మ బయటికొచ్చింది. "అవునే గుంటా! ఇన్నాళ్ళకి నన్ను మళ్ళీ బొగ్గెయ్యడానికి దింపీసినావు!"

సైకిలు ఇమ్మని అడిగితే బావ, "మళ్ళీ కంచెలోకేనా మావయ్యా?" అన్నాడు. నాన్న అప్పటికే చక్రాల్లో గాలి నొక్కి చూస్తున్నాడు. మామ్మ వేరే గొడవ పెట్టింది. ఎదిగిన గుంటని కడ్డీ మీద కూర్చోబెట్టి బజార్ల వెంట తిప్పితే ఊరు నవ్వదా అని.

"ఊరు నవ్వీసింది గదే అమ్మా" అన్నాడు నాన్న. "ఇంకేటి మిగిలుంది?"

ఆదివారం తెల్లారగానే బయల్దేరాం. అరుగు పక్కన సైకిలు ఆనించి నాన్న ఎక్కాడు, నన్ను ముందు కూర్చోబెట్టుకున్నాడు. నా చేతులు హేండిల్ మీద, నాన్న చేతులు నా చేతుల పక్కన, బ్రేకుల మీద. నాన్న గడ్డం నా తలకి తగులుతోంది. గోరింట కంచె మలుపు వస్తుంటే నాన్న ఊపిరి ఆగిపోవడం నాకు వీపు మీద తెలిసింది.

"ఎడమ!" అని అరిచాను.

"ఎడమ!" అన్నాడు నాన్న. ఇంజన్లో అదే పద్ధతి. సిగ్నల్ ఒకరు చూసి చెప్పాలి, రెండోవాళ్ళు ఆ మాట తిరిగి అనాలి. అప్పుడుగానీ అది ఇద్దరూ చూసినట్టు కాదు.

హేండిల్ తిప్పాను. కంచె పక్కకి తప్పుకుంది. అంత సులువు! వీధి కాదు తిరిగింది, మేము తిరిగాం. నాన్న నా వెనక "ఓర్నీ" అన్నాడు, ఎవరో ఇంద్రజాలం చూసినట్టు.

ఆ తర్వాత ఊరు దానంతటదే విప్పుకుంది. స్టేషన్ దాటాం. టాంగా గుర్రాల తోకలు కాదు, ఈసారి మొహాలు చూశాను. ఎడ్లబండి అడ్డమొస్తే "ఎర్ర సిగ్నల్!" అనేదాన్ని. నాన్న "ఎర్ర సిగ్నల్!" అని బ్రేకు వేసేవాడు. బండి తప్పుకోగానే "దారిచ్చేసినాడు!" "దారిచ్చేసినాడు!" అని మళ్ళీ కదిలేవాళ్ళం. పళ్ళు తోముకుంటున్న జనం వేపపుల్లలు నోట్లో పెట్టుకుని మమ్మల్ని చూశారు. చూడనీ. బావ చెప్పినవన్నీ ఒక్కొక్కటే నా కళ్ళముందుకి వచ్చాయి. జిలేబీ మూకుడు బండి చక్రమంత లేదు. అబద్ధాలకోరు.

గోల్ బజార్ పేరుకి తగ్గట్టు గుండ్రం. చుట్టూ దుకాణాలు, ఇంకా తలుపులు తియ్యలేదు. ముందురోజు మిగిలిన ఇంగువ వాసన, బెల్లం వాసన, తడి గోనెసంచుల వాసన. నేను హేండిల్ ఒక వైపుకి వంచి అలాగే పట్టుకున్నాను. సైకిలు ఆ గుండ్రం చుట్టూ తిరగడం మొదలెట్టింది. మొదటి చుట్టు అయ్యాక వెళ్దామా అన్నాను.

"ఇంకో సుట్టే" అన్నాడు నాన్న.

ఇంకో చుట్టు తిప్పాను. మళ్ళీ "ఇంకోటి" అన్నాడు. షెడ్‌లో ఇంజను మొహం తిప్పడానికి ఒక గుండ్రటి గొయ్యి ఉండేది. అందులో తిరిగే పట్టా మీదకి ఇంజనుని ఎక్కించి మనుషులు తోసి తిప్పేవాళ్ళు. నాన్నకి తెలిసిన గుండ్రం అదొక్కటే. ఇక్కడ ఎవరూ తొయ్యకుండా తనే తిరుగుతున్నాడు. ఎన్ని చుట్లు తిరిగామో నాకు లెక్క లేదు. పాలబుడ్డీలతో వచ్చినవాడు ఒకడు మాకు పిచ్చి పట్టిందేమోనని దూరంగా ఆగిపోయాడు.

అక్కణ్ణించి ఏటిగట్టుకి వెళ్ళాం. ఎండాకాలపు అర్పా ఏరు, ఇసక మధ్య చిన్న పాయ. అవతలి ఒడ్డున పొలాలు, తుప్పలు, ఒకటో రెండో పూరిళ్ళు. ఇప్పుడు నేను చింతపండు లేదని సణుగుతున్న ఇల్లు ఆ తుప్పల్లోనే ఎక్కడో మొలిచింది. గట్టు మీద ఒక అమ్మాయి చార్ పళ్ళు అమ్ముతోంది. నాన్న జేబు తడుముకుంటూ, "అన్నం తేనేదు గదే, దేంతో కొంతావు?" అన్నాడు. నేను తల దించుకున్నాను. ఇద్దరం ఒకే ఆకులోంచి తిన్నాం.

నాన్న చాలాసేపు ఊరు వంకే చూశాడు. "ఇంతేనేటే ఊరు?" అన్నాడు చివరికి. "పొద్దెక్కకుండానే అయిపోయింది. దీన్ని ఒగ్గీసి ఎక్కడెక్కడికెల్లొచ్చినాను!" గింజ ఉమ్మేసి మళ్ళీ అన్నాడు. "మీ బావ రోజూ కబుర్లు సెప్తంటే నాకు కడుపు మండీదే గుంటా. నాను అన్ని ఊళ్ళు దాటినోణ్ణి, ఒక్క వీధిలోకి తిరిగినోణ్ణి కాదు. ఆడు నిన్న గాక మొన్నొచ్చినాడు."

"నాకూనూ" అన్నాను.

"నీకూనా?"

"నీకన్నా ఎక్కువ."

నాన్న నా మొహంలోకి చూసి తల ఊపాడు. తోటి ఉద్యోగిని చూసి ఊపినట్టు. అంతకు మించిన ముద్దు నాన్న నన్నెప్పుడూ చెయ్యలేదు.

తిరిగి వచ్చేసరికి బావ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. మేము కంచె మలుపు తిరగడం చూశాడు. "కుడి!" "కుడి!" అని మేము అరవడం విన్నాడు. నాన్న దిగి, నన్ను దింపి, మసి చెయ్యి నా నెత్తి మీద పెట్టి, "మా డ్రైవరు గట్టిదిరా అల్లుడా" అన్నాడు. బావ నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. సైకిలు తీసుకుని ముందు కడ్డీని చేత్తో తుడిచాడు. నాన్న లోపలికి వెళ్ళాక నాతో అన్నాడు.

"మా నాన్నున్నప్పుడు అక్కడ నాను కూకునేవోణ్ణి."

ఆ మాటకి నాకు జాలి కలగాలి. కలగలేదు. ఎండాకాలమంతా నేను మోసిన మంట అతని మొహంలోకి మారిపోయినట్టు కనిపించింది. హమ్మయ్య అనుకున్నాను. గెలిచాననుకున్నాను. మర్నాడు బావ, సైకిలు గార్డు డబ్బా ఎక్కి వెళ్ళిపోయారు. నేను టాటా కూడా చెప్పాను, ఎంతో మర్యాదగా.

జాలి తర్వాత వచ్చింది. చాలా ఏళ్ళ తర్వాత, అతనితో కాపురం చేస్తున్నప్పుడు. అవును, మామ్మ మాటే నెగ్గింది. సైకిలు ఉంచీమన్నాను కదా, దేవుడు తిరగేసి విన్నాడు. పెళ్ళినాటికి సైకిలు లేదు, మొగుడు మిగిలాడు. ఉండి ఉంటే కడ్డీ మీద కూర్చోబెట్టి ఊరంతా తిప్పేవాణ్ణని ఆయన అనేవాడు. "కూర్చుంటే హేండిల్ నాది" అనేదాన్ని. ఆ బేరం చివరిదాకా కుదరలేదు. నాన్న మళ్ళీ సైకిలు ఎక్కలేదు. రిటైరయ్యాక కూడా మలుపు వస్తే ఆగి, కుడి, ఎడమ చూసి, నా వైపు తిరిగేవాడు. నేను "కుడి" అంటే తను "కుడి" అని అప్పుడు నడిచేవాడు.

ఇదంతా ఇవాళ పులుసు కలుపుతూ మనవరాలికి చెప్పాను. గొప్పలు పోవడానికే చెప్పాను, మంచి మనసుతో కాదు. ఆ పిల్ల పొయ్యి గట్టు మీదికెక్కి కూర్చుని ఫోను పక్కన పెట్టేసి విన్నది. మధ్యలో "అచ్ఛా?" అంటూ ఉంది. చివర్లో ఆ అచ్ఛాలు ఆగిపోయాయి.

"నానమ్మా, ఇద్దరూ అరిచేవాళ్ళా? ముత్తాత కూడా?" అంది.

"ఇద్దరం."

కాసేపు గోడమీది తాతయ్య ఫొటో వైపు చూసింది. తర్వాత కిటికీలోంచి తన సైకిలు వైపు చూసింది. "పాపా నాకు సైకిల్ కొనిచ్చారు" అంది, వాళ్ళ నాన్నని ఉద్దేశించి. "నేర్పింది మాత్రం కాలనీ పిల్లలు. పాపాకి డ్యూటీ ఉండింది. నేను ఎప్పుడూ అకేలీ, ఒక్కదాన్నే వెళ్తాను, ఒక్కదాన్నే వస్తాను."

తల ఎత్తి చూశాను. ఆ మొహం నాకు బాగా తెలుసు. గేటు దగ్గర కడ్డీ తుడిచిన మొహం అది. మనవరాలికి వాళ్ళ తాత పోలిక వచ్చిందని అందరూ అంటారు గానీ ఇంత వచ్చిందని నేను ఎప్పుడూ అనుకోలేదు. బిలాస్‌పూర్ మొత్తాన్ని గుప్పెట్లో పెట్టుకు తిరిగే పిల్ల, ఒక్కటంటే ఒక్క పూట సైకిలెక్కి దిగిపోయిన ముసలిదాన్ని చూసి కుళ్ళుకుంటోంది.

జాలి కలగాలి. కలుగుతుందిలే, సాయంత్రానికి కలుగుతుంది. అప్పుడు డ్యూటీ దిగి వచ్చిన మా వాడికి చెప్పాల్సింది చెప్తాను. ముందు మాత్రం ఆ పులుసుతో రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.